ఎత్తని చెయ్యి

దుబాయ్‌కి దగ్గర్లోని అజ్మాన్‌లో మా కాలేజీ గోదాముల వీధి చివర ఉండేది. ఒక పక్క టైర్ల షాపు, ఇంకో పక్క కర్టెన్లు కుట్టే దుకాణం, మధ్యలో మా నాలుగంతస్తుల భవనం. రెండేళ్ల డిప్లొమాలు, కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సులు ఉండేవి. పొద్దున పూట ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు వచ్చేవాళ్లు. సాయంత్రం పనుల్లోంచి నేరుగా, యూనిఫామ్‌లు కూడా విప్పకుండా, పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. నేను మెడికల్ ల్యాబ్ సబ్జెక్టులు చెప్పేదాన్ని. సాయంత్రం రోగుల సంరక్షణ మీద ఒక చిన్న కోర్సు కూడా నాదే.

కరోనా వచ్చిన ఏడాది మా ఆయన పనిచేసే హోటల్ మూతబడింది. అప్పటిదాకా నేనూ మా అమ్మాయీ ఆయన వీసా మీద ఉండేవాళ్లం. తర్వాత వాళ్లిద్దరూ నా వీసా మీదికి మారారు. ఆఫీసులో అది ఒక పూట పని. ఇంట్లో మాత్రం గాలే మారిపోయింది. కాలేజీ నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఇద్దరూ ముందు నా మొహం చూసేవాళ్లు, తర్వాతే మాట్లాడేవాళ్లు. నా ఉద్యోగం పోతే ముగ్గురం సర్దుకుని వెళ్లిపోవాలి. ఆ మాట మేమెవ్వరం పైకి అనలేదు. అనకపోవడం వల్లే అది ఇంట్లో నాలుగో మనిషిలా మాతో కూర్చుని అన్నం తినేది.

అలాంటి రోజుల్లో డీన్ గారు నన్ను గదికి పిలిచి, అకడమిక్ కౌన్సిల్‌లో అధ్యాపకుల ప్రతినిధిగా కూర్చోమన్నారు. ఆయన అరబ్బు మనిషే కానీ ఈ దేశస్థుడు కాదు. మాలాగే వీసా మీద వచ్చినవాడు. నెమ్మదస్తుడు. ఎవరితో మాట్లాడినా టేబుల్ మీద ఉన్న పెన్నును సర్దుతూ మాట్లాడేవాడు.

"నేనెందుకు సార్? నాకంటే సీనియర్లు చాలామంది ఉన్నారు" అన్నాను.

"వాళ్లంతా బిజీ. మీరు జాగ్రత్తగా చదువుతారు" అన్నారాయన.

కాదనే ధైర్యం లేక ఒప్పుకున్నాను.

కౌన్సిల్ అంటే పెద్దదేమీ కాదు. విభాగాల అధిపతులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, డీన్. కొత్త కోర్సు ఏది పెట్టాలన్నా ముందు కౌన్సిల్ దాన్ని చదివి, చర్చించి, చేతులెత్తి ఒప్పుకోవాలి. ఆ తర్వాతే బయటి నుంచి పరిశీలకుల బృందం వచ్చి చూసి అనుమతి ఇస్తుంది. చదువు విషయాలు తేల్చాల్సింది చదువు చెప్పేవాళ్లేనని నియమం. యజమాని తరఫున కాలేజీ నడిపే మేనేజర్ ఒకాయన ఉండేవాడు, ఆయన్ని అందరం ముదీర్ అనేవాళ్లం. ఆయనకు కౌన్సిల్‌లో ఓటు లేదు. కానీ గోడకు ఆనించి వేసిన కుర్చీలో ప్రతిసారీ కూర్చునేవాడు. మా వీసాల మీద సంతకం ఆయనదే.

మొదటి సమావేశాలు ప్రశాంతంగానే గడిచాయి. ఫలానా సబ్జెక్టు పేరు మార్పు, ఫలానా పుస్తకం బదులు మరో పుస్తకం. నా పక్క కుర్చీలో ఎలక్ట్రికల్ విభాగం ఆయన కూర్చునేవారు. జగిత్యాల వైపు మనిషి. ఈ దేశానికి ఎలక్ట్రీషియన్‌గా వచ్చి, సైట్లలో పనిచేస్తూ చదువుకుని, చివరికి చదువు చెప్పే దగ్గర స్థిరపడ్డారు. నన్ను 'చెల్లె' అనేవారు. నేను అన్నా అనేదాన్ని. "చెయ్యెత్తుడు, చాయ తాగుడు. గిదేం పెద్ద పని గాదు చెల్లె" అని మొదటి రోజే ధైర్యం చెప్పారు.

ఒకసారి కొత్త ప్రతిపాదన వచ్చింది. డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమా. రెండేళ్లు.

ఆ మాట చదవగానే మా ఊరు గుర్తొచ్చింది. నాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. మా వైపు కిడ్నీ జబ్బు తెలియని ఇల్లు ఉండదు. మా మేనమామను డయాలసిస్‌కి విశాఖ తీసుకెళ్లేటప్పుడు డిగ్రీ చదువుతున్న నేను తోడు వెళ్లేదాన్ని. ఒక రోజు మిషన్ మీద ఉండగానే ఆయన బీపీ పడిపోయింది. కళ్లు తేలేశాడు. మిషన్ కూతపెడుతోంది. దగ్గరున్న కుర్రాడు కొత్తవాడు, చేతులు గాల్లోనే ఉంచి నిలబడిపోయాడు. అవతలి గదిలోంచి నర్సు పరుగెత్తుకొచ్చి మంచం తలవైపు దించి, ఏవో బటన్లు నొక్కి, సెలైన్ ఎక్కించింది. మామయ్య కళ్లు తెరిచాడు. ఆ కుర్రాడు గోడకు జారబడి ఏడ్చేశాడు. వాడి తప్పు ఏముంది? వాడికి ఎవరూ నేర్పలేదు.

ప్రతిపాదన మొత్తం రెండుసార్లు చదివాను. సిలబస్ బాగుంది. పాఠాలు బాగున్నాయి. కానీ విద్యార్థులు ఏ ఆసుపత్రిలో రోగుల దగ్గర నేర్చుకుంటారో ఎక్కడా లేదు. 'కాలేజీ ల్యాబ్‌లో అభ్యాసం' అని ఉంది. మా ల్యాబ్‌లో ఎక్కడో మూసేసిన క్లినిక్ నుంచి తెచ్చిన పాత డయాలసిస్ మిషన్ ఒకటుంది. అందులో నీళ్లు తిప్పి చూపించేవాళ్లం. అంతే.

ఆ వారమంతా సాయంత్రం క్లాసుకు వెళ్లాలంటే నాకు ఇబ్బందిగా ఉండేది. అక్కడ ఒకామె ఉండేది, కోనసీమ నుంచి వచ్చింది. మొదట ఒక అరబ్బు ఇంట్లో పనికి వచ్చి, తర్వాత ఓ క్లినిక్‌లో హెల్పర్‌గా చేరింది. ముప్పై దాటాయి. ముందు బెంచీలో కూర్చుని నా నోటి మాట పొల్లుపోకుండా రాసుకునేది. కొత్త కోర్సు వస్తోందన్న సంగతి ఎలా తెలిసిందో, క్లాసు అవగానే నా దగ్గరకొచ్చింది.

"డయాలసిస్ కోర్సు పెడతన్నారంట కదండీ? ఎప్పుడు మొదలెడతారండీ?"

"ఇంకా ఒప్పుకోలేదమ్మా. చూడాలి."

"ఒప్పుకుంటారులెండి. మా క్లినిక్ డాక్టరమ్మకి కూడా చెప్పేశానండి. అది చేస్తే ఇంక బకెట్టు పట్టుకోనక్కర్లేదండి నేను" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆమె చేతుల వైపు చూశాను. ఆ చేతులు రేపు ఎవరి చేతిలోనో సూది గుచ్చబోతున్నాయి. అంతకు ముందు ఒక్కసారి కూడా బతికున్న మనిషికి గుచ్చకుండా.

ఇంటికి వెళ్తే మా ఆయన తలుపు తీస్తూనే, "ఏటయింది? మొకం అలాగుంది?" అన్నారు.

సంగతి చెప్పాను. అమ్మాయి పక్క గదిలో చదువుకుంటోంది. ఆ గది తలుపు దగ్గరకు వేసి వచ్చి, మెల్లగా అన్నారు.

"ఎవులూ అడగనిది నువ్వే ఎందుకు అడగాల?"

"మామయ్య గుర్తొస్తన్నాడు."

"నాకూ గుర్తున్నాడు. కానీ ఇక్కడ మన ముగ్గురం ఉన్నాం గదా." అంతలోనే ఆయనే తల పట్టుకుని, "నేనేటి సెప్పగలను? నీకు తోసినట్టు సెయ్యి" అన్నారు. ఆ చివరి మాటలో కోపం లేదు. వద్దు అని చెప్పలేక పడే బాధ ఉంది. ఆయన గట్టిగా వద్దని ఉంటే నాకు హాయిగా ఉండేది.

సమావేశం రోజున టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ముదీర్ గోడ పక్క కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. డీన్ గారు ప్రతిపాదన గురించి రెండు ముక్కలు చెప్పి, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగి, పెన్ను సర్దుకున్నారు. అందరూ కాగితాలు మూసేశారు.

అన్న నా వైపు వంగి, "చెయ్యెత్తు చెల్లె, ఖలాస్. ఆళ్లు అనుకున్నది ఎట్లన్న అయితది. మనం వద్దంటె ఆగుతదా?" అన్నారు తెలుగులో.

నేను డీన్ గారి వైపు తిరిగి అడిగాను. "విద్యార్థులు రోగుల దగ్గర ఎక్కడ నేర్చుకుంటారు సార్? ఆసుపత్రి పేరు ఇందులో లేదు."

ముదీర్ ఫోన్ మీదినుంచి తల ఎత్తాడు. "ఆసుపత్రి వస్తుంది. మాటలు నడుస్తున్నాయి" అన్నాడు.

"వచ్చాక ఒప్పుకుంటే బాగుంటుంది కదా అని."

"పరిశీలకులు వచ్చేనెల వస్తున్నారు. యల్లా, ముందుకు పోదాం" అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు.

డీన్ గారు చేతులెత్తమన్నారు. ఒక్కొక్కటే చేతులు లేచాయి. నా పక్కన అన్న చెయ్యి కూడా లేచింది. నా చెయ్యి మాత్రం కప్పు చుట్టూనే ఉండిపోయింది. అది ధైర్యమని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. కప్పు వదిలితే చెయ్యి వణకడం అందరికీ కనిపిస్తుందని నా భయం.

"ఒకరు అంగీకరించలేదు" అని డీన్ గారు మెల్లగా రాయించారు.

ఆ తర్వాత రోజుల్లో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను. స్టాఫ్ రూములో నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి, లేక ఆగినట్టు నాకనిపించేది. హెచ్ఆర్ నుంచి పాస్‌పోర్ట్ కాపీ పంపమని మెయిల్ వచ్చింది. అందరికీ వచ్చిందో నాకొక్కదానికే వచ్చిందో అడగడానికి భయం. చివరికి అన్నను అడిగితే, తనకూ వచ్చిందన్నారు. అరగంట ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రానికి మరో భయం పట్టుకుంది. నా కాంట్రాక్టు ఆ వేసవికి ముగుస్తుంది. మామూలుగా ఆపాటికే కొత్తది పంపేవాళ్లు.

ఇంట్లో మా ఆయన చెప్పకుండానే కొన్ని పనులు మొదలుపెట్టారు. అమ్మాయి సర్టిఫికెట్లన్నీ ఒక ఫోల్డర్లో పెట్టారు. అటక మీది పెద్ద సూట్‌కేసు దించి చక్రాలకు నూనె వేశారు. అమ్మాయి అది చూసి, "నాన్నా, మనం ఎక్కడికైనా వెళ్తన్నామా?" అంది. "లేదమ్మా, శబ్దం వస్తంది గదా అని" అన్నారు. అది పట్టించుకోనట్టు నేను వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ నిలబడ్డాను.

పరిశీలకులు రావడానికి ముందు ముదీర్ నన్ను పిలిచాడు. ఆయన గదిలో ఏసీ ఎప్పుడూ ఎక్కువే. ఖర్జూరం పెట్టాడు, గావా అనే అరబ్బు కాఫీ పోయించాడు.

"ఇక్కడ సంతోషంగా ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నాను సార్."

"అమ్మాయి ఏ క్లాసు?"

ఆయన మామూలుగానే అడిగాడేమో. ఈ రోజుకీ నాకు తెలియదు. కానీ ఆయన నోట మా అమ్మాయి మాట రాగానే నా నోట్లో ఖర్జూరం మట్టిలా అయింది. ఎనిమిది అన్నాను.

"పరిశీలకులు టీచర్లతో విడిగా మాట్లాడతారు. మేమెవ్వరం ఉండం. మనదంతా ఒక కుటుంబం. కుటుంబంలో మాట్లాడుకున్నవి కుటుంబంలోనే ఉంటాయి" అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. అప్పుడే నిర్ణయించుకున్నాను, నోరు తెరవకూడదని. కౌన్సిల్‌లో ఒకసారి అడిగాను. చేసింది చాలు.

పరిశీలకులు ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దామె ఒకావిడ, పొట్టి జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. లైబ్రరీలో మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు. తలుపు వేశారు. తలుపు అద్దంలోంచి బయట నిలబడ్డ ముదీర్ భుజం కనిపిస్తోంది.

"ఈ కోర్సు మీ అందరి ఆలోచనా? కౌన్సిల్‌లో ఏం చర్చ జరిగింది?" అని అడిగిందావిడ.

ఒకాయన సిలబస్ గురించి చెప్పాడు. మరొకాయన దేశానికి ఇలాంటి నిపుణుల అవసరం గురించి చెప్పాడు. నేను టేబుల్ మీది గీతల్ని చూస్తూ కూర్చున్నాను.

"ఎవరైనా అభ్యంతరం చెప్పారా?"

ఆవిడ నన్నే చూస్తూ అడిగిందని అనిపించింది, నిజానికి ఎవరినీ చూడలేదు.

అప్పుడు నా పక్కనుంచి అన్న గొంతు సవరించుకున్నారు. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం. తడుముకుంటూ, "మేడమ్, ఒక్కరు అడిగారు. మేమంతా ఊరుకున్నాం. ఆ ఒక్కరు ఈమే" అని చెయ్యి నా వైపు చూపించారు.

ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు. తలుపు అద్దం వైపు చూశాను. ఆ భుజం అక్కడే ఉంది. మా అమ్మాయి, సూట్‌కేసు, చక్రాల నూనె, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"మీ అభ్యంతరం ఏమిటి?" అందావిడ, చాలా నెమ్మదిగా.

ఇక దాక్కునే చోటు లేదు. "మా ల్యాబ్‌లో ఒక మిషన్ ఉంది. దాన్లో నీళ్లు తిప్పుతాం" అన్నాను. నీళ్లు తాగాను. "నీళ్లకు బీపీ పడిపోదు మేడమ్. నీళ్లు కళ్లు తేలేయవు. మా పిల్లలు మొదటిసారి మనిషికి సూది గుచ్చేది ఉద్యోగంలో చేరాకే అయితే, ఆ మనిషి సంగతేమిటి? ఆ పిల్లల సంగతేమిటి? నేను అడిగింది అంతే."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఏదో రాసుకుంది. "థాంక్యూ" అంది. ఇంకేమీ అడగలేదు.

బయటికి వచ్చాక అన్న నా వెనకాలే మెట్లు దిగారు.

"నన్ను తిట్టుకుంటున్నవా చెల్లె?"

"అవునన్నా."

"తిట్టుకో. నువ్వడిగిన కాడికెంచి నాకు బువ్వ సయిస్తలేదు. నేను చెప్పేది కరెంటు పని. తీగ ముట్టనోనికి నేను సర్టిఫికెట్ ఇస్తనా? ఇయ్య. మరి గాడ ఎందుకు చెయ్యెత్తిన? బయపడ్డ. నాదీ వీసానే గదా."

"ఇప్పుడు భయం లేదా మరి?"

"ఎందుకు లేదు? చూడు" అని చెయ్యి చాపారు. ఆ చెయ్యి వణుకుతోంది. ఇద్దరం టైర్ల షాపు ముందు ఎండలో నిలబడిపోయాం.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఆసుపత్రితో ఒప్పందం కుదుర్చుకుని మళ్లీ రమ్మన్నారు. అప్పటిదాకా అనుమతి లేదు.

ఆ వార్త సాయంత్రం క్లాసుకు నాకంటే ముందే చేరింది. కోనసీమ ఆమె ఆ రోజు వెనక బెంచీలో కూర్చుంది. ఏమీ రాసుకోలేదు. క్లాసయ్యాక బస్సు స్టాపు దాకా నా పక్కనే నడిచింది.

"మీరే ఆపేశారంట కదండీ?"

"నేను ఆపలేదమ్మా. ఆసుపత్రి కావాలన్నాను."

"రెండూ ఒకటేనండి మాకు" అంది. కోపంగా కాదు. అలసటగా. "మీకేమండీ, మీరు అడగ్గలరు. మాకు ఒకటి దొరికేదాకా అడక్కూడదండి."

ఆమె బస్సు వచ్చింది. వెళ్లిపోయింది. ముదీర్ గదిలో కలిగిన భయం కంటే ఆ మాట ఎక్కువ రోజులు నన్ను పట్టుకుంది. నేను చేసింది తప్పేమోనన్న భయం అది. దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. తర్వాత ఆమె దూరంగా తూర్పు తీరాన ఖోర్ ఫక్కాన్‌లో ఏదో ఆసుపత్రిలో వార్డు పనికి వెళ్లిపోయిందని విన్నాను.

వేసవి వచ్చింది. వెళ్లిపోయింది నేను కాదు, డీన్ గారు. ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లే రోజు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నారు. చెప్పి వద్దామని వెళ్లాను.

"మిమ్మల్ని కౌన్సిల్‌లోకి ఎందుకు తీసుకున్నానో తెలుసా?" అన్నారు. "ఉద్యోగం ఇంటర్వ్యూలో మీరు మీ మామయ్య గురించి చెప్పారు. ఈ ప్రతిపాదన రాబోతోందని నాకు ముందే తెలుసు. మీరు ఊరుకోరనుకున్నాను."

నేను చేతిలోకి తీసుకున్న అట్టపెట్టెను మళ్లీ కింద పెట్టాను.

"మీరే చెప్పి ఉండొచ్చు కదా సార్."

"నాకు ముగ్గురు పిల్లలు. యూనివర్సిటీల్లో ఉన్నారు."

"నాకూ ఒక కూతురుంది సార్" అన్నాను.

ఆయన చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ గదిలో నిలబడ్డ మనిషి నాకంటే ఎక్కువ భయపడినవాడు. ఏది జరుగుతుందని భయపడి ఊరుకున్నాడో, ఊరుకున్నా అదే జరిగింది. కిందిదాకా ఒక పెట్టె మోసి టాక్సీలో పెట్టాను.

నా కొత్త కాంట్రాక్టు మాత్రం ఒక మధ్యాహ్నం మామూలు మెయిల్లా వచ్చింది. ఎవరి మాట వల్ల వచ్చిందో, పరిశీలకులు మళ్లీ వస్తారని ఉంచారో, నాకు తెలియదు. మా ఆయన సూట్‌కేసు అటకెక్కించారు. వీపు తిప్పుకుని, చాలాసేపు దాన్ని సరిగ్గా పెడుతూనే ఉన్నారు.

ఆసుపత్రి ఒప్పందం కుదరడానికి ఏడాది పైనే పట్టింది. ఆ తర్వాత కోర్సు మొదలైంది. కోనసీమ ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "ఇప్పుడెక్కడ వస్తానండీ, ఇంత దూరం నుంచి? డ్యూటీలు కుదరవండి" అంది. మళ్లీ తనే, "ఆసుపత్రి ఉందాండీ ఈసారి?" అని అడిగింది. ఉందన్నాను. "మంచిదండి" అని పెట్టేసింది.

మొదటి బ్యాచి పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. కేరళ అమ్మాయి ఒకతె, చాలా తెలివైంది, ఒక పెద్దాయన మంచం దగ్గర నిలబడి ఉంది. ఆయన హైదరాబాదీ ఉర్దూ మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి మిషన్ కూతపెట్టింది. ఆ పిల్ల చేతులు గాల్లో ఆగిపోయాయి. అడుగు ముందుకు వేయబోయాను. అక్కడి సీనియర్ నర్సు నన్ను ఆగమన్నట్టు చూసి, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని ట్యూబు దగ్గరికి తీసుకెళ్లింది. ఎక్కడో మడత పడింది. సరిచేయించింది. కూత ఆగింది.

పిల్ల కళ్లల్లో నీళ్లు. పెద్దాయన పక్కకు తిరిగి ఆమె వైపు చూశాడు.

"డరో మత్ బేటీ" అన్నాడు. "ఇది రోజూ మోగేదే. మోగకపోతేనే నాకు భయం."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, ఆయన మణికట్టు పట్టుకుని, నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.